రెండో ప్రతి లేని బొమ్మలు
స్లైడు ఫిలింను కొందరు ఇంకా ఎందుకు వదలలేదు?

తంబళ్లపల్లె: ఇక్కడి బజారులో టమోటా నారు దొరుకుతుంది. విత్తనపు శెనక్కాయలు దొరుకుతవి. సెల్‌ఫోను అద్దం పగిలితే గంటలో కొత్తది వేసి ఇచ్చే కుర్రవాళ్లూ ఉన్నారు. కెమేరాలో వేసే ఫిలిం మాత్రం దొరకదు. మదనపల్లెకు వెళ్లి అడిగినా దుకాణదారు మనిషిని ఎగాదిగా చూసి, 'ఏ కాలంలో ఉన్నారు స్వామీ?' అన్నట్లు నవ్వుతాడు. అందులోనూ స్లైడు ఫిలిం కావాలంటే ఆ పేరు విన్నవాడే అరుదు. నేటి పిల్లలకు స్లైడు అంటే కంప్యూటరులో పాఠానికి తయారుచేసే పేజీ. ఆ పేజీకి ఆ పేరు ఈ ఫిలిం ముక్కనుంచే వచ్చిందని వాళ్లకు చెప్పినవారు లేరు.

ఐనప్పటికీ ఈ ఫిలిం చావలేదు. బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి నగరాల్లోనే కాక, విదేశాల్లో కూడా దీన్ని పట్టుకుని ఉన్న ఛాయాగ్రాహకులు కొందరున్నారు. చేతిలోని ఫోను నిమిషానికి వంద బొమ్మలు తీయగలిగిన ఈ రోజుల్లో, ముప్పయ్యారు బొమ్మలకు వేల రూపాయలు పోసి, ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూసే వీరిని పిచ్చివాళ్లని కొట్టిపారేయడం సులభమే. కాని వారి పట్టుదల వెనుక ఉన్న కారణాలు తెలుసుకుంటే, మన ప్రాంతపు అటకల మీద దుమ్ము పట్టి ఉన్న కొన్ని పెట్టెల సంగతి కూడా ఆలోచనకు వస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ముందుగా స్లైడు అంటే ఏమిటో చెప్పుకోవాలి. పెళ్లిళ్లలో స్టూడియోవారు వాడుతూ వచ్చింది నెగటివ్ ఫిలిం. అందులో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా కనిపిస్తుంది. రంగుల నెగటివ్ ఐతే నారింజ రంగు పూత కప్పుకుని ఉంటుంది. దాన్ని కాగితం మీద అచ్చువేస్తేగాని అసలు బొమ్మ తెలియదు. స్లైడు అట్లా కాదు. కెమేరాలోకి వెళ్లిన ఫిలిమే రసాయనాల్లో మునిగి, అసలు రంగులతో, పారదర్శకమైన బొమ్మగా తిరిగి వస్తుంది. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ ముక్కను రెండంగుళాల చదరపు అట్ట చట్రంలోనో, ప్లాస్టిక్ చట్రంలోనో బిగిస్తారు. ఆకాశంవైపు ఎత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనిపిస్తుంది. చూడడానికి కరెంటు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు.

అంటే దీనికి నెగటివ్ లేదు. ఆ ముక్క పోతే బొమ్మ పోయినట్లే. దీని గొప్పతనమూ, గండమూ రెండూ అక్కడే ఉన్నవి. ఒకే ఒక ప్రతి ఉన్న వస్తువు ఎంత పెళుసైనదో మదనపల్లె డివిజన్ ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఫైళ్లు కాలిపోయినప్పుడు, భూమి కాగితాలున్న ప్రతి రైతూ తన ఇంట్లో నకలు ఉన్నదా అని వెతుక్కున్నాడు. స్లైడుకు ఆ వెతుక్కునే నకలు కూడా సాధారణంగా ఉండదు.

ఎండకు లొంగని ఫిలిం

మల్లయ్యకొండను ఉదాహరణగా తీసుకుందాం. మధ్యాహ్నం పన్నెండింటికి కింద నుంచి కొండను ఫోనుతో తీస్తే ఫోను తనంతట తానే తెలివి ఉపయోగించి బండల నీడలను కాస్త తెల్లబరుస్తుంది, ఆకాశాన్ని కాస్త తగ్గిస్తుంది. నెగటివ్ ఫిలిం కూడా ఉదారమైనదే. వెలుతురు కొలత కొంచెం అటూ ఇటూ ఐనా అచ్చువేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడు ఫిలిం దగ్గర ఈ దయాదాక్షిణ్యాలు లేవు. వెలుతురు ఒక మెట్టు ఎక్కువైతే తెల్లని పంచె కట్టిన మనిషి స్థానంలో గాజులాంటి ఖాళీ మిగులుతుంది. ఒక మెట్టు తగ్గితే చింతచెట్టు నీడ అంతా మసిముద్ద. అర మెట్టు తేడా కూడా కంటికి తెలుస్తుంది.

ఆ కారణంగానే మన రాయలసీమ ఎండలో స్లైడు తీయడం నేర్చుకున్నవాడికి మరెక్కడా భయం ఉండదని చెప్పవచ్చు. నల్లబండ, తెల్లపంచె, ఎర్రమట్టి, మండే ఆకాశం అన్నీ ఒకే చట్రంలో ఇమడవు. దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి. అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఏమిటంటే, బొమ్మలో అన్నిటికంటే తెల్లగా ఉన్నదాన్ని కాపాడుకుని నీడలను వాటి ఖర్మకు వదిలెయ్యడం. నెగటివ్ వాడేవారు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తారు, నీడలను చూసుకుంటారు. మరొక పద్ధతి ఇంకా సులభం. పగలు పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా కెమేరాను సంచిలోనే ఉంచడం. పొద్దు పొడిచిన గంటలోపలా, పొద్దు గుంకే ముందు గంటలోనూ ఇక్కడి గుండ్రాళ్ల గుట్టలు బెల్లపు రంగు తేలుతవి. ఆ రంగును ఉన్నది ఉన్నట్లు పట్టుకోవడంలో స్లైడుకు సాటి లేదని దాన్ని వాడేవారి వాదం.

ఈ వాదంలో కొంత నిజం, కొంత మోజు ఉన్నవి. ఫిలిం కూడా ఉన్నది ఉన్నట్లు చూపించదు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క కన్ను ఉంటుంది. జపాను ఫ్యూజీ కంపెనీ 1990లో తెచ్చిన వెల్వియా పచ్చదనాన్ని రెట్టింపు చేస్తుంది. వానకాలం తర్వాత హార్స్‌లీ కొండను దానితో తీస్తే చూసినవారు ఇది మలనాడా అని అడుగుతారు. మనిషి ముఖాన్ని అదే ఫిలింతో తీస్తే ఎర్రబారి జ్వరం వచ్చినట్లు ఉంటుంది. అదే కంపెనీవారి ప్రోవియా నెమ్మదైనది. ఇవన్నీ తెలిసినవాడు పనినిబట్టి ఫిలిం ఎన్నుకుంటాడు. డిజిటల్‌లో తీసిన తర్వాత రంగులు ఎన్ని విధాలైనా మార్చుకోవచ్చు. స్లైడులో తీయకముందే నిర్ణయం జరిగిపోతుంది. తర్వాత బతిమాలినా మారదు.

మారకపోవడమే కావాలంటారు కొందరు. ఈనాడు ఏ బొమ్మ చూసినా 'ఇది నిజమా, యంత్రం సృష్టించిందా?' అన్న సందేహం ముందు వస్తున్నది. స్లైడు మీద ఆ సందేహానికి తావు తక్కువ. ఆ రోజు ఆ కొండను తాకి వచ్చిన వెలుతురే ఈ ముక్క మీద పడింది, ఈ ముక్కే చేతిలో ఉన్నది. ఈ ఒక్క కారణం మా దృష్టిలో మిగిలిన కారణాలన్నిటికంటే బరువైనది.

ఇక లోపాల విషయానికి వస్తే దాచవలసిందేమీ లేదు. మహాశివరాత్రి నాడు మల్లయ్యకొండ మీద జాగరణ దృశ్యాలు తీయాలంటే సాధారణంగా దొరికే నూరు వేగపు స్లైడు ఫిలిం చేతులెత్తేస్తుంది. దీపాల వెలుతురులో జనం కదలికను అది పట్టలేదు. అక్కడ మామూలు సెల్‌ఫోనే మేలు.

ముప్పయ్యెనిమిది డిగ్రీలు

తీసిన ఫిలిం కడగడం మరొక కథ. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిని ఇ-6 అంటారు, 1970ల మధ్యకాలం తర్వాత వచ్చింది. మొదటి రసాయనంలో ఫిలిం ఆరు నిమిషాలు ఉంటుంది. అక్కడ వెలుతురు తగిలిన చోటల్లా నల్లని వెండి ఏర్పడి, ఒక నలుపు తెలుపు నెగటివ్ తయారవుతుంది. తర్వాత మిగిలిన భాగాన్ని, అనగా వెలుతురు తగలని భాగాన్ని, రసాయనంతోనే మేల్కొలిపి రంగుల డెవలపరులో ముంచుతారు. అక్కడ రంగు పుడుతుంది. చివరకు వెండినంతా తొలగించి వేస్తే రంగుల బొమ్మ మిగులుతుంది. ముందు తలకిందుల బొమ్మను సృష్టించి, దాన్ని చెరిపి, దాని ఖాళీల్లోంచి అసలు బొమ్మను తీయడమన్నమాట.

ఈ పని 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో జరగాలి. మొదటి రసాయనం దగ్గర డిగ్రీలో పదో వంతుల తేడాలు కూడా లెక్కలోకి వస్తవి. మే నెలలో మన మిద్దెల మీది నీళ్ల తొట్టి ఎవరూ కాచకుండానే దాదాపు ఆ వేడికి వస్తుంది. ఐతే 'దాదాపు' అన్న మాట ఈ పనిలో చెల్లదు. కనుకనే మారుమూల స్టూడియోల్లో దీన్ని చేసేవారు కారు. నాడు కూడా స్లైడు ఫిలింను పెద్ద నగరాల ప్రయోగశాలలకు టపాలో పంపేవారు. నేడు అటువంటి ప్రయోగశాలలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నవి. తగినన్ని చుట్టలు పోగైన రోజున మాత్రమే రసాయనాలు కలుపుతారు కాబట్టి, శివరాత్రికి తీసిన బొమ్మ ఉగాదికి కంటపడినా ఆశ్చర్యం లేదు. కొందరు ఔత్సాహికులు చిన్న పొట్లాల్లో రసాయనాలు తెప్పించుకుని, స్నానాల గదిలో తొట్టి పెట్టుకుని, థర్మామీటరు పట్టుకుని తామే కడుగుతున్నారు.

ఈ ఫిలిం చరిత్రలో ఒక వింత ఉన్నది. మొట్టమొదట విజయవంతంగా బజారులోకి వచ్చిన రంగుల స్లైడు ఫిలిం కొడాక్రోమ్‌ను 1935లో తయారుచేసినవారు ఇద్దరు సంగీత విద్వాంసులు. లియొపోల్డ్ మాన్నెస్ పియానో వాయించేవాడు, లియొపోల్డ్ గొడౌస్కీ వయొలిన్ వాయించేవాడు. చీకటి గదిలో గడియారం చూడడానికి వీలులేక, పాట ఈలగా పాడుకుంటూ ఆ లెక్కతో సమయం కొలిచేవారని చెప్తారు. 1953లో ఎవరెస్టు శిఖరం మీద టెన్సింగ్ ఐస్ గొడ్డలి ఎత్తి నిలబడిన బొమ్మను హిల్లరీ తీసింది కొడాక్రోమ్ మీదనే. 1968 డిసెంబరులో చంద్రుని చుట్టూ తిరుగుతూ అపోలో-8 వ్యోమగామి విలియం ఆండర్స్ చంద్రుని అంచుమీద ఉదయిస్తున్న భూమిని తీసింది ఎక్టాక్రోమ్ అనే మరో రకం స్లైడు ఫిలిం మీద.

కొడాక్రోమ్ తయారీ నిలిపివేస్తున్నట్లు 2009 జూన్‌లో ప్రకటన వెలువడింది. కర్మాగారం నుంచి వచ్చిన చివరి చుట్టను స్టీవ్ మెక్‌కరీ అనే ప్రఖ్యాత ఛాయాగ్రాహకునికి ఇచ్చారు. ఆయన ఆ ముప్పయ్యారు బొమ్మల్లో కొన్నిటిని మన దేశంలోనే, రాజస్థాన్ రబారీల మధ్యను, ముంబయి నటుల ముందును, తీశాడు. దాన్ని కడిగింది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో. ప్రపంచంలో ఆ పని చేసే చివరి ప్రయోగశాల అక్కడ ఉండేది. 2010 డిసెంబరు 30 తర్వాత అక్కడా ఫిలిం తీసుకోవడం మానేశారు. 2012లో ఎక్టాక్రోమ్ కూడా నిలిచిపోయింది. కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. కాగా 2017 జనవరిలో కొడాక్‌వారు ఎక్టాక్రోమ్‌ను తిరిగి తెస్తామని ప్రకటించి, 2018 సెప్టెంబరులో బజారులో పెట్టారు. అడిగేవారు ఉన్నందువల్లనే గదా!

మన దేశంలో కథ కొంత వేరు. దిగుమతి ఆంక్షల కాలంలో కొడాక్ ఫిలిం అందరికీ అందేది కాదు. నీలగిరిలోని ఊటీలో ప్రభుత్వ రంగపు హిందూస్థాన్ ఫొటో ఫిలిమ్స్ సంస్థ 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిలిం తయారుచేసేది. తూర్పు జర్మనీనుంచి ఆర్వో అనే ఫిలిం వచ్చేది. అందులో స్లైడు రకం కూడా ఉండేది. కాలేజీ అధ్యాపకులు, వైద్యులు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు, పక్షులను గమనించేవారు, క్యాలెండర్లకూ పత్రికల ముఖచిత్రాలకూ బొమ్మలు పంపేవారు, స్లైడు వాడుకదారులు ప్రధానంగా వీరే. శివకాశిలోగాని, మద్రాసులోగాని రంగుల అచ్చుకు మంచి ఆధారం స్లైడు. కాగితం మీది ఫొటోకంటే దాన్నుంచి రంగులు విడదీయడం మేలుగా వచ్చేది. ముఖచిత్రానికి బొమ్మ పంపాలంటే ట్రాన్స్‌పరెన్సీయే పంపాలి.

మన పక్కనే ఉన్న రిషివ్యాలీ లోయ పక్షుల గురించి ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ రాసిన ఇంగ్లీషు పుస్తకం 1993లో వెలువడింది. పక్షులతోపాటు వాటి నెలవులు తిరిగి ఎట్లా చిగురించినవో చెప్పడం ఆ పుస్తకం ప్రత్యేకత. ఈ కొండల్లోనే పసుపుగొంతు పిగిలిపిట్ట ఉన్నది. దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పిట్ట లేదు. రాతి పొదల్లో దాగి, మనిషి అలికిడికి మాయమయ్యే ఈ పిట్టను ముప్పయ్యారు బొమ్మల ఫిలింతో పట్టాలంటే ఎన్ని ఉదయాలు పొదల పక్కన కూర్చోవాలో ఊహించుకోవచ్చు. మీట నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చవుతుంది. బొమ్మ వచ్చిందో లేదో తెలియడానికి నెల. ఈనాడు వందల మంది ఈ పిట్టను డిజిటల్ కెమేరాలతో తీస్తున్నారు, బొమ్మలు ఇంకా బాగుంటున్నవి కూడా. ఐతే నలభయ్యేళ్ల కిందట ఫలానా గుట్టమీద ఎన్ని పొదలున్నవో చెప్పగలిగేది ఆనాటి స్లైడు మాత్రమే.

గోడమీద వెలుగు

స్లైడును నలుగురికీ చూపించే పద్ధతులు చెప్పుకోదగినవి. దీని తాత మాజిక్ లాంతరు. మూడుంబావు అంగుళాల గాజు పలకమీద బొమ్మ, వెనుక దీపం, ముందు కటకం. మిషనరీలు, ఖద్దరు ప్రచారకులు, మశూచి, కలరా, క్షయ గురించి చెప్పే ఆరోగ్యశాఖవారు దేశమంతటా ఈ లాంతరు ఉపన్యాసాలు ఇచ్చారు. దీనికి బంధువే టూరింగ్ టాకీసుల్లోనూ, తర్వాత పక్కా హాళ్లలోనూ ఆట మొదలయ్యే ముందు వేసిన ప్రకటనల స్లైడు. బట్టల దుకాణం, టైలరింగు కళాశాల, 'పొగ త్రాగరాదు', రాబోయే చిత్రం, అన్నీ గాజుమీదనే. రాసేవాని చేతివాటాన్నిబట్టి అక్షరాలు. పెద్దతెరమీద తన దుకాణం పేరు చూసుకుని మురిసిపోయిన వర్తకులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. హాళ్లలోకి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చిన తర్వాత ఆ గాజు పలకలు ఏమైపోయినవో ఎవరికీ పట్టలేదు.

ముప్పయ్యైదు మిల్లీమీటర్ల స్లైడుకు ప్రొజెక్టరు కావాలి. కొడాక్‌వారు 1961లో కారుసెల్ అనే గుండ్రని పళ్లెం ప్రొజెక్టరు తెచ్చారు. పళ్లెంలో ఎనభై స్లైడ్లు పట్టేవి. మీట నొక్కితే టక్కుమని ఒకటి పడి, ముందుది పైకి లేచేది. 2004లో దాని తయారీ కూడా ఆగిపోయింది. ఇటువంటి యంత్రాల్లో ఎక్కువవాటికి 24 వోల్టుల, 250 వాట్ల హాలోజెన్ బల్బు ఉంటుంది, ఆయుష్షు దాదాపు యాభై గంటలే. నేడు ప్రొజెక్టరు దొరకడంకంటే బల్బు దొరకడమే కష్టం.

పల్లెటూళ్లో స్లైడు ప్రదర్శన పెట్టినవారికి మరికొన్ని అవస్థలు తెలుసు. వోల్టేజీ పడిపోతే బొమ్మంతా పసుపు తిరుగుతుంది. సాయంత్రం మోటార్లు వేసే వేళ ఐతే చెప్పనక్కరలేదు. కరెంటు పోతే బల్బుతోపాటు ఫ్యాను కూడా ఆగిపోయి లోపలి వేడి స్లైడుకు తగులుతుంది. బాగా నడుస్తున్నప్పుడు కూడా ఆ వేడికి ఫిలిం ఉబ్బి, మసకబారి, ఒక్క క్షణంలో తిరిగి తేటపడుతుంది. చూసేవారికి అది బొమ్మ ఊపిరి పీల్చినట్లు ఉంటుంది. తెర లేకపోతే సున్నం కొట్టిన గోడ. గోడ లేకపోతే ఉతికిన పంచె.

ఇన్ని అవస్థలు పడి చూసిన బొమ్మకు ఒక విలువ ఉన్నది. ఫోనులో బొమ్మ చేతులు మారుతుంది, ఒక్కొక్కరు ఒక్కొక్క క్షణాన ఒంటరిగా చూస్తారు, వేలితో తోసేస్తారు. గోడమీది స్లైడును గదిలో ఉన్న ఇరవై మందీ ఒకేసారి చూస్తారు. 'అదిగో, ఆ చెరువు కట్టమీద నిలబడింది మా చిన్నాయన' అని ఒకరంటే, 'కట్ట అప్పుడు అంత ఎత్తు ఉండేదా?' అని మరొకరు అందుకుంటారు. చీకట్లో ముఖాలు కనిపించవు కాబట్టి మాటలు ధారాళంగా వస్తవి. నేటికీ స్లైడు వాడేవారు నగరాల్లో పదిమంది స్నేహితుల్ని పిలిచి గది చీకటి చేసుకుని చూడడానికి కారణం ఇదే. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పాత ఇళ్లలో కూడా ఇటువంటి పెట్టెలు ఉండవచ్చు. 1960, 70లలో వెళ్లిన విద్యార్థులకు, డాక్టర్లకు అక్కడ కొడాక్రోమ్ సులభంగా దొరికేది. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు తీసుకున్న బొమ్మలు తిరిగి అక్కడికే వెళ్లినవి.

మరొక మార్గం టపా. మన ప్రాంతానికి చేరువలో ఉన్న బెంగుళూరులో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1971లో ఏర్పడింది. అటువంటి సంఘాలు, భారత ఫొటోగ్రఫీ ఫెడరేషన్, విదేశీ సంఘాలు సలాన్లు అనే పోటీ ప్రదర్శనలు జరిపేవి. వాటిలో రంగుల స్లైడ్లకు ప్రత్యేక విభాగం ఉండేది. ఒక్కొక్కరు నాలుగు స్లైడ్లు పంపాలి. ప్రవేశ రుసుము, తిరుగు టపా ఖర్చు జతపరచాలి. చట్రం మీద ఒక మూల చుక్క పెట్టాలి. స్లైడును మామూలుగా చూసేటప్పుడు ఎడమచేతి దిగువ మూల ఆ చుక్క ఉంటుంది. దానిమీద బొటనవేలు ఉంచి తలకిందులు చేసి పళ్లెంలో వేస్తే తెరమీద బొమ్మ నిటారుగా పడుతుంది. ఈ చిన్న చుక్క మరచినవాని కొండ తెరమీద తలకిందులై నిలబడేది. న్యాయనిర్ణేతలు చీకట్లో కూర్చుని ఒక్కొక్క బొమ్మకు కొన్ని సెకండ్లు మాత్రమే ఇచ్చి మార్కులు వేసేవారు. ఆరు నెలల శ్రమకు నాలుగైదు సెకండ్ల తీర్పు!

గమనించవలసినదేమంటే, అట్లా పంపింది అసలు స్లైడునే. నకలు తీయించవచ్చు, కాని నకలులో వెలుగునీడల తేడా పెరిగి, నాణ్యం తగ్గేది. పోటీకి నకలు పంపితే ఓడిపోవడం ఖాయమన్న భయం ఉండేది. కనుక తన ఏకైక ప్రతిని కవరులో పెట్టి, రిజిస్టరు చేయించి, సముద్రాలు దాటించి, నెలల తరబడి దేవునికి మొక్కుకునేవారు. తిరిగి వచ్చినప్పుడు చట్రం నలిగి ఉండేది, కొన్నిసార్లు గీతలు పడేవి. కొన్ని రానేలేదు. ఇప్పుడు సలాన్లలో చాలావరకు డిజిటల్ ఫైళ్లే తీసుకుంటున్నారు. స్లైడు తీసినవారు కూడా దాన్ని స్కాను చేసి పంపుతున్నారు. కాబట్టి నేటి స్లైడు ఫొటోగ్రాఫరు పాతవారికంటే అదృష్టవంతుడు. అసలు ఇంట్లోనే ఉంటుంది, నీడ మాత్రమే లోకం తిరుగుతుంది.

అటకమీది పెట్టెలు

పాత స్లైడ్ల విషయం అంత తృప్తికరంగా లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో రిటైరైన అధ్యాపకులు, డాక్టర్లు, ఉద్యోగులు కొందరి ఇళ్లలోనైనా నలభై, యాభై ఏళ్లనాటి స్లైడు పెట్టెలు ఉండి తీరాలి. వాటి యజమానులు పోయిన తర్వాత పిల్లలకు అవేమిటో తెలియక పాత సామాన్లవానికి వేస్తున్న సందర్భాలు ఎక్కడైనా ఉండేవే. ప్రొజెక్టరు పాడైందని పెట్టెను కూడా పారవేయడం పొయ్యి చెడిపోయిందని బియ్యం పారబోయడం వంటిది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 కుటుంబంవారు దాచి ఉంచినందువల్లనే 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి, నేడు అందరూ చూడగలుగుతున్నారు. అంత గొప్ప పేరు లేని ఉపాధ్యాయుని పెట్టెలో కూడా ఎండని చెరువు, టమోటా రాకముందు మెట్టచేలు, సంతకు వచ్చిన ఎడ్లబండ్ల వరుస, రంగిన్ మహలు కింద గుర్రంకొండ వీధి ఉండవచ్చు.

రంగు నిలకడ ఫిలిం రకాన్నిబట్టి ఉంటుంది. కొడాక్రోమ్ చీకట్లో ఉంచితే దశాబ్దాలైనా చెక్కుచెదరదు. ప్రొజెక్టరు వెలుతురులో మాత్రం త్వరగా వెలుస్తుంది. 1950, 60లనాటి ఎక్టాక్రోమ్‌లు, ఆర్వో స్లైడ్లు చీకట్లో ఉన్నా రంగు మారుతవి. ఎక్కువగా గులాబీ ఎరుపులోకి తిరుగుతవి. అటువంటివాటికి వేచి ఉండే వ్యవధి లేదు. తేమకు బూజు పడుతుంది. ఫిలిం మీది పూత జెలటిన్, బూజుకు అది పాయసం. ఈ విషయంలో మాత్రం కోస్తావారికంటే మనవారు నయం. వానలు మొగం చాటేసే మన మెట్ట ప్రాంతపు పొడిగాలి స్లైడ్లకు మంచిది. కరువు మనకు చేసిన మేలు ఏదైనా ఉంటే బహుశా ఇదొక్కటే! అట్ట చట్రాలకు మాత్రం చెదల భయం ఎప్పుడూ ఉన్నది. మెత్తని పీవీసీ కవర్లలో ఉంచితే అవి ఫిలింకు అంటుకుపోతవి. రేకుల కప్పు కింది అటక అన్నిటికంటే చెడ్డచోటు. ఇనుప బీరువాలో కింది అర మేలు.

నకలు తీసుకోవడం నేడు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. స్కానరు లేకపోయినా ఫరవాలేదు. ఒక ల్యాప్‌టాప్ తెరమీద తెల్లని పేజీ తెరచి, దానికి మూడు నాలుగు అంగుళాల ఎడంగా స్లైడును నిలబెట్టి, దగ్గరి వస్తువులు తీయగల కెమేరాతో తీయవచ్చు. మరీ ఆనించి పెడితే తెర చుక్కలు బొమ్మలో పడతవి. గదిలో మిగిలిన దీపాలు ఆర్పివేయాలి. స్లైడుకు మెరిసే వైపు, మెరుపు తక్కువగా ఉన్న వైపు అని రెండున్నవి. మెరిసే వైపునుంచి తీస్తేనే బొమ్మలోని అక్షరాలు సరిగా చదవవస్తవి. దుమ్మును మెత్తని కుంచెతోగాని, రబ్బరు బుడ్డి గాలితోగాని తొలగించాలి. నోటితో ఊదరాదు, తుంపర పడుతుంది. పంచె చెంగుతో తుడవడం అసలే పనికిరాదు. నకలు తీసిన తర్వాత కూడా అసలును పారవేయరాదు. ఫైలు ఉన్న ఫోను పోవచ్చు, ఫోను కంపెనీయే పోవచ్చు. ముక్క ఉంటే మళ్లీ ఆకాశంవైపు ఎత్తి చూడవచ్చు.

మదనపల్లెలోని కళాశాలల్లో ఒకటిగాని, గ్రంథాలయంగాని ఇటువంటి స్లైడ్లను కొన్నాళ్లపాటు తీసుకుని, నకళ్లు చేసి, అసళ్లను యజమానులకు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. దానికి ఒక గది, ఒక కెమేరా, ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులు చాలు. ఇవ్వడానికి మనుషులు వెనుకాడడం సహజం. ఒకే ప్రతి ఉన్న వస్తువును చేతులు మార్చడం ఎవరికీ ఇష్టం ఉండదు. కనుక పెట్టెలు తెప్పించుకోవడంకంటే కెమేరా పట్టుకుని ఆ ఇంటికే వెళ్లడం మంచిది. అలా వెళితే మరొక లాభం కూడా ఉన్నది. బొమ్మలో ఎవరున్నారో, ఏ ఊరో చెప్పగలిగిన పెద్దవారు ఆ ఇంట్లోనే ఉంటారు. స్లైడు రంగు వెలిసినా కొంతవరకు సరిచేయవచ్చు. పేర్లు చెప్పేవారు పోతే కొండ కొండగానూ, మనుషులు ఎవరో మనుషులుగానూ మిగిలిపోతారు. కొడాక్‌వారు కడిగి చట్రం బిగించి పంపిన పాత స్లైడ్ల అంచుమీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటవి, తారీఖు కోసం ముందు అక్కడ చూడాలి. లేనివాటికి చట్రం మీద పెన్సిలుతో రాసుకోవాలి. ఊరు, సంవత్సరం, ఉన్నవారి పేర్లు ఎడమనుంచి కుడికి. సిరా వద్దు, తేమకు పాకి బొమ్మలోకి దిగుతుంది.